నాలుగు దినముల అంగడి, పదునాలుగు దినముల పరీక్ష

మేడారము ములుగు జిల్లా తాడ్వాయి మండలములోని ఒక చిన్న పల్లె. రెండేండ్లకొకసారి మాఘమాసములో అచ్చట సమ్మక్క, సారలమ్మల జాతర నాలుగు దినములు జరుగును. లక్షలకొలది జనము వచ్చును. అంతకు ముందు చెట్లు, పొలములు మాత్రమే ఉన్న చోట కర్రలు పాతి, టార్పాలిను కప్పి, వరుసలు వరుసలుగా అంగళ్లు వేయుదురు. ఒకరు మిరపకాయ బజ్జీలు వేయుదురు. మరొకరు కోడికూర, అన్నము వండి అమ్ముదురు. చెరకురసము, ఐసు వేసిన సోడా, పీచుమిఠాయి, మరమరాలు అన్నియు దొరకును. ఐదవనాటికి కర్రలు పెరికి, గిన్నెలు మూటగట్టి ఎవరి ఊరికి వారు పోవుదురు. అంగడి ఉన్న చోట మిగులునది పొయ్యి బొగ్గులు, ఎంగిలి విస్తళ్లు మాత్రమే.

ఈ అంగళ్లలో తిన్న ఒక యాత్రికునికి మరునాడు వాంతులు, విరేచనములు పట్టుకొన్నవని అనుకొందము. అధికారి వచ్చి ఆ అంగడిలోని ఆహారము నమూనా తీసి ప్రయోగశాలకు పంపెనని కూడ అనుకొందము. 2006లో పార్లమెంటు చేసిన ఆహార భద్రత, ప్రమాణముల చట్టము ప్రకారము ఆహార విశ్లేషకుడు నమూనా అందిన 14 దినములలోగా నివేదిక ఇయ్యవలెను. నివేదిక గడువులోగానే వచ్చినను అప్పటికి అంగడి లేదు, అమ్మినవారు లేరు, తిన్నవారు తలకొక జిల్లాకు చెదరిపోయినారు. 2015 జూలైలో గోదావరి పుష్కరములు జరిగినది 12 దినములు. అంత పెద్ద ఉత్సవమునకు కూడ ఈ గడువు సరిపడదు.

తాత్కాలికముగా వెలయు ఆహారపు అంగళ్లను ప్రభుత్వము ఎట్లు అదుపు చేయవలెనను సమస్యకు మూలము ఈ చిన్న లెక్కలో ఉన్నది. ఊరిలోని హోటలు రేపు కూడ అచ్చటనే ఉండును. దాని యజమాని పేరు, చిరునామా రికార్డులో ఉండును. తప్పు తేలిన పిమ్మట నోటీసు ఇయ్యవచ్చును, అవసరమైన మూయించవచ్చును. జాతర అంగడి విషయములో పిమ్మట అనునది లేదు. కనుక అచ్చట పనికివచ్చు నియమము ఎట్లుండవలెననగా, దోషము జరుగుచున్నప్పుడే కంటికో, గడియారమునకో, ఉష్ణమాపకమునకో తెలియవలెను. అటువంటి నియమములు కొన్ని ఉన్నవి. వాని వెనుకనున్న శాస్త్రము ఉన్నత పాఠశాల పాఠములకు మించినది కాదు.

చట్టము ఏమనుచున్నది?

2006 చట్టము 31వ విభాగము ప్రకారము ఆహార వ్యాపారము చేయువారు లైసెన్సు పొందవలెను. కాని అదే విభాగము రెండవ ఉపవిభాగములో చిన్నవారికి ఒక మినహాయింపు కలదు. తానే వండి అమ్ముకొను చిన్న తయారీదారుడు, చిల్లర వర్తకుడు, వీధులలో తిరిగి అమ్మువాడు, తాత్కాలికముగా అంగడి పెట్టువాడు లైసెన్సు తీసికొననక్కరలేదు. పేరు నమోదు చేయించుకొన్నచో చాలును. 2011లో వచ్చిన నిబంధనలలో ఏటికి 12 లక్షల రూపాయల వ్యాపారమును మించనివారిని ఈ తరగతిలో చేర్చి, నమోదు రుసుము సంవత్సరమునకు 100 రూపాయలుగా నిర్ణయించిరి. తదుపరి వీధి విక్రేతల విషయములో ఈ రుసుమును కూడ సడలించిరి.

చాలమంది గమనింపని సంగతి ఒకటి కలదు. ఆ నిబంధనలలో చిన్న ఆహార వ్యాపారి అను మాటకు ఇచ్చిన నిర్వచనము అమ్మువారితో ఆగిపోలేదు. మతసంబంధమైన లేక సామాజికమైన సమావేశములలో ఆహారమును పంచువారు కూడ అందులోనికి వచ్చుచున్నారు. శ్రీరామనవమి పందిరిలో పానకము పంచువారు, వినాయకచవితి మండపములో అన్నదానము చేయువారు లాభాపేక్ష లేని పుణ్యకార్యము చేయుచున్నారన్న మాట నిజమే. అయినను పెద్ద డేగిసాలోని సూక్ష్మజీవులకు దానమునకును, విక్రయమునకును భేదము తెలియదు. ఈ విషయములో చట్టము జీవశాస్త్రమునే అనుసరించినదని చెప్పవచ్చును.

నమోదు దరఖాస్తుపై అధికారి 7 దినములలో నిర్ణయము చేయవలెనని, లేదా తనిఖీకి ఉత్తరువీయవలెనని 2011 నిబంధనలు చెప్పినవి. నాలుగు దినముల జాతరకు వచ్చువారు ముందుగా మేలుకొననిచో ఇది కూడ ఆలస్యమే.

అయితే చిన్నవారికి ఈ వెసులుబాటు ఎందుకు? వీధిలో అమ్ముకొనుట కూడ రాజ్యాంగము 19వ అధికరణము ఇచ్చిన వృత్తి స్వేచ్ఛలో భాగమేనని, దానిపై సమంజసమైన పరిమితులు విధింపవచ్చునని సుప్రీముకోర్టు 1989లో సోదాన్ సింగ్ కేసులో చెప్పినది. 2014లో వీధి విక్రేతల జీవనోపాధి రక్షణకై ప్రత్యేక చట్టము వచ్చినది. దాని ప్రకారము ఏర్పడు పట్టణ విక్రయ సంఘములో నూటికి 40 మంది విక్రేతల ప్రతినిధులే ఉండవలెను. కాని ఆ చట్టము పట్టణములకై చేసినది. అడవి నడుమ జరుగు జాతరలో బజ్జీలు వేయువారికి అట్టి సంఘము లేదు. వారి విషయము చూడవలసినది జిల్లా యంత్రాంగము, ఉత్సవ నిర్వాహకులు.

ప్రయోగశాల ఎందుకు ఆలస్యము చేయును?

పదునాలుగు దినముల గడువు ఉద్యోగుల అలసత్వము వలన ఏర్పడినది కాదు. ఆహారములో సూక్ష్మజీవులు ఉన్నవో లేవో తెలిసికొనుటకు వానిని పెంచి చూచుట ఇప్పటికిని ప్రధానమైన పద్ధతి. నమూనాలో కొంత భాగమును పోషక పదార్థముగల జిగురుపై పరచి, వెచ్చని పెట్టెలో ఉంచుదురు. ఒక్కొక్క జీవి లక్షలుగా పెరిగి కంటికి కనబడు చుక్కగా మారవలెను. దీనికి ఒకటి రెండు దినములు పట్టును. సాల్మొనెల్లా వంటి దానిని నిర్ధారింపవలెనన్నచో మొదట అలసిన జీవులను కోలుకొననిచ్చి, తరువాత ఇతర జీవులను అణచు ద్రవములో పెంచి, పిదప జిగురుపై పరచి, చివరకు రసాయన పరీక్షలు చేయవలెను. ఇందుకు ఐదారు దినములు సులభముగా గడచిపోవును. త్వరితముగా తేల్చు నూతన పద్ధతులు లేకపోలేదు. కాని న్యాయస్థానములో నిలువవలసిన నివేదికకు నిర్ధారణ తప్పదు. సూక్ష్మజీవులు తమ వేగముతో పెరుగునే గాని గెజిటులోని గడువును బట్టి పెరుగవు.

మరి అంగడి గిన్నెలో అవే జీవులు ఎంత వేగముగా పెరుగును? అనుకూలమైన వెచ్చదనములో అనేక బాక్టీరియాలు 20 నిముషములకొకసారి రెండింతలగును. గంటకు మూడు తరములు. ఉదయము 7 గంటలకు గిన్నెలో ఒకే ఒక జీవి ఉన్నదనుకొన్నచో మధ్యాహ్నము 2 గంటలకు 21 తరములు గడచును. రెండును 21 సార్లు హెచ్చవేయగా వచ్చునది 20,97,152. ఆరంభములో వెయ్యి జీవులున్నచో ఫలితమును విద్యార్థులే లెక్కకట్టవచ్చును. ఆహారములో ఇంత నిరాటంకముగా ఎల్లప్పుడును పెరుగవన్న మాట నిజము. మొదట కొంత సేపు అవి స్తబ్ధముగా ఉండును. అయినను ఉదయము వండి సాయంత్రము వరకు వడ్డించు అలవాటులోని ప్రమాదము ఈ లెక్కలో స్పష్టమగును.

పెద్ద గిన్నెలోని భౌతికశాస్త్రము

వండినప్పుడు సూక్ష్మజీవులన్నియు చచ్చునుగదా అని సందేహము రావచ్చును. చాల భాగము చచ్చును. కాని కొన్ని జాతులు ప్రతికూల పరిస్థితులలో దళసరి గోడగల సిద్ధబీజములుగా మారును. మరుగునీటిలో కూడ ఇవి బ్రతుకగలవు. క్లాస్ట్రిడియమ్ పెర్ఫ్రింజెన్స్ అను బాక్టీరియా మాంసపు కూరలలోను, పప్పులలోను ఇట్లు మిగిలియుండును. ఉడుకు దానికి మేలే చేయును. తనతో పోటీపడు జీవులు చచ్చును, ద్రవములోని ప్రాణవాయువు తరిగిపోవును. ప్రాణవాయువు లేనిచోటనే అది పెరుగును. గిన్నె 43 నుండి 46 డిగ్రీల సెంటిగ్రేడు వరకు చల్లారినప్పుడు దాదాపు 10 నిముషములకొక తరము చొప్పున పెరుగగలదు. ఆ వేడిలో రెండు గంటలు నిలచినచో 12 తరములు, అనగా ఒకటి 4,096 అగును.

ఇచ్చట గిన్నె పరిమాణము ముఖ్యమైనది. ఇంటిలో ఒక లీటరు కూర వండు గిన్నెకంటె పొడవు, వెడల్పు, ఎత్తు ఐదేసి రెట్లున్న డేగిసాను తీసికొందము. దాని ఘనపరిమాణము 125 రెట్లు, అనగా 125 లీటర్లు. ఉపరితలము మాత్రము 25 రెట్లే. వేడి బయటకు పోవునది ఉపరితలము నుండి గదా. లీటరు కూరకు దొరకు ఉపరితలము ఐదవ వంతునకు తగ్గినది. కనుక ఇంటి గిన్నె ఒక గంటలో ఎంత చల్లారునో డేగిసా అంత చల్లారుటకు సుమారు ఐదు గంటలు పట్టును. కూర చిక్కగా ఉండి కలియబెట్టనిచో నడిమి భాగమునకు ఇంకను ఎక్కువ కాలము పట్టును. పైన చేయి పెట్టి చూచిన చల్లగా తోచును. లోపల మాత్రము పెర్ఫ్రింజెన్స్‌కు కావలసిన వెచ్చదనమే గంటలకొలది నిలచియుండును. ఇంటిలో ఏనాడును హాని చేయని వంటకమే జాతరలో హాని చేయుటకు కారణము వంటవారి నిర్లక్ష్యము కానక్కరలేదు. అదే వంటను అదే విధముగా వంద రెట్లు చేయుటయే కారణము కావచ్చును.

ఈ వ్యాధి తిన్న 6 గంటలకు మొదలు 24 గంటల లోపల కడుపునొప్పి, విరేచనములతో కనబడును. అప్పటికి యాత్రికుడు బస్సులోనో, ఇంటిలోనో ఉండును. ఒకే గిన్నెలో తిన్న నూరుగురు నూరు ఊళ్లలో నలుగురైదుగురుగా వైద్యుని వద్దకు పోయినప్పుడు అది ఒకే వ్యాధియని ఎవరికి తెలియును? జాతరలలో ఆహారము వలన కలుగు వ్యాధులు లెక్కకు అందకపోవుటకు ఇది ఒక పెద్ద కారణము.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో సురక్షితాహారమునకు ఐదు సూత్రములను ప్రకటించినది. వండిన పదార్థమును వేడిగా ఉంచదలచినచో 60 డిగ్రీలకు పైన ఉంచవలెననియు, చల్లగా ఉంచదలచినచో 5 డిగ్రీలకు దిగువ ఉంచవలెననియు, ఈ రెండింటి నడుమ మామూలు గాలిలో రెండు గంటలకు మించి ఉంచరాదనియు అందులో చెప్పిరి. ఈ నియమములో ప్రయోగశాల ప్రసక్తి లేదు. ఉష్ణమాపకము, గడియారము ఉన్నచో చాలును. పొయ్యి ఆర్పకుండ సన్నని సెగపై ఉంచిన కూర ఈ పరీక్షలో నెగ్గును. ఆర్పి మూతపెట్టిన కూర ఓడిపోవును. అధికారి నాలుగు అడుగుల దూరమునుండే దీనిని చూడగలడు.

అన్నము విషయము కొంచెము వేరు. బియ్యములో బాసిల్లస్ సీరియస్ అను మరొక బాక్టీరియా సిద్ధబీజములు సామాన్యముగా ఉండును. 1970 దశకములో బ్రిటనులోని చైనీయ భోజనశాలలలో వేపుడన్నము తిన్నవారికి వాంతులు పట్టుకొనగా దీని స్వభావము బాగుగా తెలిసినది. అచ్చట అన్నమును ముందుగా ఉడికించి గదిలో ఉంచి, అడిగినప్పుడు నూనెలో వేయించి ఇచ్చెడివారు. వెచ్చగా ఉన్న అన్నములో ఈ బాక్టీరియా తయారుచేయు విషము తిరిగి వేయించినను నశింపదు. మళ్లీ వేడిచేసినాము గదా అను ధైర్యము ఇచ్చట చెల్లదు. ఈ దృష్టితో చూచినచో దూరప్రయాణమునకు పులిహోర కట్టుకొనిపోవు మన పెద్దల అలవాటులో అర్థమున్నది. చింతపండులోని ఆమ్లము ఈ జీవుల పెరుగుదలను మందగింపజేయును. కట్టెపొంగలికి ఆ రక్షణ లేదు. పులుపు తగ్గించి, రంగుకు పసుపు హెచ్చుగా వేసి అమ్ము పులిహోరకు కూడ లేదు.

అమెరికాలో ఆహార, ఔషధ సంస్థ తయారుచేసిన ఆహార నియమావళి ఒక నమూనా మాత్రమే. రాష్ట్రములు దానిని తమ చట్టములుగా చేసికొనును. ఒక ఉత్సవమునో, వేడుకనో ఆశ్రయించి ఒకే చోట 14 దినములకు మించకుండ ఆహారము అమ్ము స్థలమును తాత్కాలిక ఆహారశాల అని అందులో నిర్వచించిరి. ఆ సంఖ్య మన నివేదిక గడువుతో సమానమగుట కాకతాళీయమే. ఆ నియమావళిలో అంగడివారికి ఉపయోగపడు ఉపాయమొకటి కలదు. శీతల పెట్టెగాని, వేడి బల్లగాని లేనప్పుడు కాలమునే అదుపు సాధనముగా వాడవచ్చును. పదార్థమును వేడిలోనుండి గాని, చల్లదనమునుండి గాని తీసిన వేళను గిన్నెపై వ్రాయవలెను. నాలుగు గంటలలో అమ్ముడుపోనిది పారవేయవలెను. విద్యుత్తు లేని చోట కూడ చెల్లు ఈ నియమమునకు కావలసినది ఒక సుద్దముక్క. పారవేయుటకు మనసొప్పుట మాత్రము వేరు సంగతి. రెండు వందల రూపాయల లాభమునకై ఎండలో నిలుచున్న మనిషి మిగిలిన కూరను పారవేయునని ఆశించుటకంటె, చిన్న గిన్నెలలో పలుమార్లు వండుకొనుట నేర్పుట మేలు. చిన్న గిన్నె త్వరగా అమ్ముడుపోవును, మిగిలినను త్వరగా చల్లారును.

నీరు, ఐసు

ఉత్సవములపై ప్రభుత్వపు అదుపు మొదట ఆహారముతో కాక నీటితో ఆరంభమైనది. 1867లో హరిద్వారము కుంభమేళాలో కలరా పుట్టి, ఇండ్లకు మరలిపోవు యాత్రికులతోపాటు దారి పొడవున వ్యాపించినది. కలరాకు కారణమగు జీవిని రాబర్ట్ కాఖ్ 1884లో కలకత్తాలో రూఢిచేసెను. పిమ్మట రక్షిత జలము, మరుగుదొడ్లు యాత్రాస్థలముల ఏర్పాట్లలో ప్రధానమైనవి. 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టములో తిరునాళ్లు, ఉత్సవములకై ప్రత్యేక నిబంధనలు చేర్చిరి. అప్పుడు మద్రాసు రాష్ట్రములో భాగమైన కోస్తా, రాయలసీమ జిల్లాలకు కూడ అది వర్తించినది.

అంగడివారు నీటిని డ్రమ్ములలో నింపుకొందురు. బ్లీచింగు పొడి కలిపి అరగంట ఆగిన పిదప లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియుండవలెను. మిగిలియుండుట అనునదే ఇందులోని కీలకము. వేసిన క్లోరినులో కొంత నీటిలోని మురికితో కలసి ఖర్చగును. మట్టినీరైనచో ఎక్కువ ఖర్చగును. మిగిలిన భాగమే తరువాత ముంచిన చేతులతో వచ్చు జీవులను చంపును. అధికారుల వద్దనుండు క్లోరోస్కోపులో రంగు పుట్టుటను బట్టి దీనిని నిలుచున్న చోటనే తెలిసికొనవచ్చును.

ఐసు చల్లగా ఉండుటవలన శుభ్రమైనదని చాలమంది భ్రమ. గడ్డకట్టుట చాల బాక్టీరియాలను చంపదు, నిద్రపుచ్చును. సోడాలో కరగగానే అవి మేల్కొనును. చేపల రవాణాకు తయారుచేయు దిమ్మ ఐసు, త్రాగుటకు పనికివచ్చు ఐసు చూచుటకు ఒకే తీరున ఉండును. చెరకురసము బండివానికి ఏది చవుకయో అదే వచ్చును. 2018లో మహారాష్ట్ర ప్రభుత్వపు ఆహార, ఔషధ విభాగము దీనికొక సులభమైన మార్గము కనిపెట్టినది. తినదగని ఐసులో నీలిరంగు కలుపవలెనని ఉత్తరువు చేసినది. ఇప్పుడు గ్లాసులో నీలి ముక్క కనబడినచో చిన్న బాలుడు కూడ ప్రశ్నింపగలడు. కొనువాని కంటినే తనిఖీదారునిగా చేసిన ఇట్టి నియమము నూరు తనిఖీలకంటె మేలు. అయితే రంగు కలుపవలసినది ఐసు కర్మాగారము. అది స్థిరముగా ఒక చోటనుండును, చట్టమునకు చిక్కును. తిరుగు బండిని అదుపు చేయుటకు కదలని కర్మాగారమును పట్టుకొనుటలోనే ఈ ఉపాయము తెలివి ఉన్నది.

చేతులు

2011 నిబంధనల అనుబంధములో చిన్న వ్యాపారులకు పరిశుభ్రతా సూత్రములు చెప్పిరి. బండిపై ఆహారము తగులు తలము తుప్పుపట్టని గట్టి పదార్థముతో ఉండవలెను. నేలనుండి 60 నుండి 70 సెంటిమీటర్ల ఎత్తున ఉండవలెను. మూతగల చెత్తడబ్బా ఉండవలెను. అంటువ్యాధి ఉన్నవారు ఆహారమును ముట్టరాదు. ఇవన్నియు చూచి చెప్పగలిగినవే. కడపటిది మాత్రము అంత తేలిక కాదు. న్యూయార్కులో వంటమనిషిగా పనిచేసిన మేరీ మాలన్ ఏ జబ్బును లేని ఆరోగ్యవంతురాలు. ఆమె వండిన ఇండ్లలో వరుసగా టైఫాయిడు వచ్చుచుండగా 1907లో ఆమె ఆ వ్యాధికి వాహకురాలని తెలిసినది. జాతరలో నాలుగు దినములకు కూలికి పెట్టుకొను సహాయకుని చూచి ఇట్టి సంగతి ఎవరును చెప్పలేరు. అందుకు మార్గము సబ్బు, పారు నీరు మాత్రమే.

చేతి గాయములలోను, ముక్కులోను ఉండు స్టెఫిలోకాకస్ మరొక చిక్కు. కోవా మిఠాయిలవంటి వానిపై అది పెరిగినచో దాని విషము కాచినను పోదు. తిన్న కొద్ది గంటలలోనే వాంతులగును. జాతర విడువకముందే పట్టుబడగల వ్యాధులలో ఇదొకటి.

నిషేధము: చివరి ఆయుధము

కంటికి, గడియారమునకు అందని దోషములు కూడ కలవు. పీచుమిఠాయిలో కలుపు గులాబిరంగు ఆహారమునకు అనుమతించినదియో, బట్టలకద్దు రోడమిన్-బి యో చూచినవారికి తెలియదు. 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరిలోను, తమిళనాడులోను పరీక్షలలో రోడమిన్-బి తేలగా పీచుమిఠాయి అమ్మకమునే నిషేధించిరి. రంగును మాత్రమే నిషేధింపరాదా? ఆ రంగు ఆహారములో వాడుట ముందే నిషిద్ధము. కర్రకు సంచులు కట్టి బీచిలో తిరుగు ఒక్కొక్క విక్రేత వద్ద నమూనా తీయుట సాధ్యము కాదు గనుక వస్తువునే ఆపవలసి వచ్చినది. రంగు వేయని తెల్లని పీచుమిఠాయి కేవలము చక్కెర. దానిని అమ్ముకొను నిజాయితీపరుడు కూడ ఇందులో నష్టపోవుట కాదనరానిది.

తెలంగాణలో జరిగినది ఇంతకంటె విషాదకరము. 2024 అక్టోబరులో హైదరాబాదులో ఒక వారపు సంతలో మోమోలు తిన్నవారు అనేకులు అస్వస్థులైరి, ఒక స్త్రీ మరణించినది. వానితోపాటు ఇచ్చిన మయోనైజుపై అనుమానము కలిగినది. అక్టోబరు 30న రాష్ట్ర ప్రభుత్వము పచ్చి గ్రుడ్లతో చేయు మయోనైజును ఒక సంవత్సరము పాటు నిషేధించినది. ప్రజారోగ్యము కొరకు ఒక పదార్థమును ఏడాది మించకుండ నిషేధించు అధికారము ఆహార భద్రతా కమీషనరుకు 2006 చట్టము 30వ విభాగము ఇచ్చినది. మయోనైజు పచ్చి గ్రుడ్డును నూనెతో గిలకొట్టి చేయునది. దానిని ఉడికింపరు. గ్రుడ్డులో సాల్మొనెల్లా ఉన్నచో అది సజీవముగానే నోటికి చేరును. గ్రుడ్డు సొనను 60 డిగ్రీల వద్ద మూడున్నర నిముషములు ఉంచినచో గ్రుడ్డు గట్టిపడకముందే ఆ జీవులు నశించును. ఇది పాశ్చరు పద్ధతి. కాని సంతలో బల్ల వేసికొన్నవారు డిగ్రీలు, నిముషములు కొలిచి ఈ పని చేయగలరా? చేయలేరు గనుకనే నిషేధము.

బజ్జీల నూనెకు సంబంధించిన నియమము మాత్రము నడిమి దారిలో ఉన్నది. మరల మరల కాచిన నూనెలో విచ్ఛిన్నమై పుట్టు ధ్రువ సంయోగములు నూటికి 25 పాళ్లు మించరాదని 2018 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినది. చేతిలో పట్టుకొను మీటరుతో నూనెలోనే కొలువవచ్చును. మీటరు లేనిచో నల్లబడుట, నురుగు కట్టుట, త్వరగా పొగలేచుట చూడవలెను.

ఖర్చు ఎవరిది?

పారు నీటితో చేతులు కడుగుకొమ్మని చెప్పుట సులభము. కొళాయి అర మైలు దూరమున ఉన్నప్పుడు ఆ నియమము కాగితముపైననే ఉండును. తాత్కాలిక అంగళ్ల నియమములన్నింటిలోను దాగియున్న చిక్కు ఇదియే. హోటలు యజమాని నీరు, మురుగు కాలువ, విద్యుత్తు తానే ఏర్పాటు చేసికొనును. నాలుగు దినములకు వచ్చువారు అవి చేసికొనలేరు. స్థలమునకు రుసుము వసూలు చేయువారే ఇన్ని అంగళ్లకొక కొళాయి, ఒక మురుగు గొయ్యి, ఒక చెత్తబండి అని ముందుగా ఏర్పరచుట న్యాయము. అవి ఇచ్చిన పిదపనే నియమము పాటింపనివారిని లేపివేయు అధికారమునకు నైతిక బలము చేకూరును. అహమ్మదాబాదులోని కాంకరియా సరస్సు వద్దనున్న చిరుతిండ్ల అంగళ్ల సముదాయమును 2018లో దేశములో మొదటి పరిశుభ్ర వీధి ఆహార కేంద్రముగా గుర్తించిరి. అచ్చటి అంగళ్లు ఏడాది పొడవున ఒకే చోటనుండును. ఏడాదికో, రెండేండ్లకో ఒకసారి వెలయు జాతరకు ఇది ఎట్లు అన్వయించునన్నది ఇంకను పరిష్కారము కావలసిన విషయము.

కొనువారికి చట్టము ఇచ్చిన ఒక హక్కును ఉపాధ్యాయులు విద్యార్థులకు తెలుపవచ్చును. 40వ విభాగము ప్రకారము ఆహారము కొన్న ఎవరైనను నిర్ణీత రుసుము చెల్లించి దానిని ఆహార విశ్లేషకునిచేత పరీక్ష చేయించుకొనవచ్చును. నివేదిక గడువు ఇచ్చట కూడ 14 దినములే.

డేగిసా సంగతి పాఠశాలలోనే పరీక్షించి చూడవచ్చును. ఒకే ఆకారముగల రెండు పాత్రలు, ఒకటి ఒక లీటరుది, మరొకటి 10 లీటర్లది, తీసికొని రెండింటిలోను 80 డిగ్రీల నీరు నింపి మూతపెట్టవలెను. వేడినీరు పోయు పని ఉపాధ్యాయుడే చేయవలెను. పది నిముషములకొకసారి ఉష్ణమాపకముతో చూచి, 60 నుండి 40 డిగ్రీలకు దిగుటకు ఒక్కొక్క పాత్రకు ఎంత సేపు పట్టినదో గ్రాఫు కాగితముపై గీయవలెను. కొలతలు సుమారు 2.15 రెట్లు గనుక పెద్ద పాత్రకు రెండింతలకు పైగా కాలము పట్టవలెను. తరువాత నీటికి బదులు చిక్కని గంజి పోసి, అంచున ఒకటి, నడుమ ఒకటి రెండు ఉష్ణమాపకములను ఉంచి మరల చూడవలెను. ఈసారి గీతలు రెండు వచ్చును. నడిమి గీత 43, 46 డిగ్రీల నడుమ ఎన్ని నిముషములు నిలచినదో లెక్కించి, పది నిముషములకొక తరము చొప్పున ఒక జీవి ఎన్నియగునో విద్యార్థులు కట్టవచ్చును.